రెండో ఈల

“ఇకమీదట ఈ రాష్ట్రంలో వాతావరణం తన ఇష్టమొచ్చినట్టు మారడానికి వీల్లేదు!”

మంత్రి వీరవెంకటసత్యనారాయణ గారు ఉప్పుతిప్ప సముద్రపు ఒడ్డున నిలబడి ఈ మాట ప్రకటించగానే జనం చప్పట్లు కొట్టారు. సముద్రం మాత్రం ఏమీ పట్టనట్టు తన పని తాను చేసుకుంది. మాట మంత్రిగారిదే అయినా జనం చెవిన పడింది నా మైకులోంచి. నేను ‘శ్రీ పెద్దింట్లమ్మ షామియానా అండ్ సౌండ్స్’ ప్రొప్రయిటర్ని. మొగల్తూరు సెంటర్లో దిగి షామియానా చినబాబు ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఈ తీరంలో జరిగిన శంకుస్థాపనలకీ, రక్తదాన శిబిరాలకీ టెంటు నాదే. నాయకులు మారారు, పార్టీలు మారాయి, టెంటు మారలేదు. అందుచేత దేశం ఎటు పోతోందో పేపరు వాళ్లకన్నా నాకే బాగా తెలుసునని నా నమ్మకం.

అది రెండువేల ఎనిమిది వేసవి. భూమి వేడెక్కిపోతోందని పై దేశాల వాళ్లు గోల పెడుతున్న రోజులు. మిగతా మంత్రులు ఏసీ పెంచుకుని ఊరుకున్నారు. మా మంత్రిగారు అలా ఊరుకునే మనిషి కాదు. ఆయనది పర్యావరణ చైతన్య శాఖ. ఇరిగేషన్ అడిగితే అదిచ్చారట. ఆ శాఖకి ఆఫీసు ఎక్కడుందో కనుక్కోవడానికే ఆయనకి కొంతకాలం పట్టింది. కనుక్కున్నాక ఇక ఆగలేదు. ‘వాతావరణ సారథులు’ అనే పథకం పెట్టారు. తీరంలో ఉన్న ప్రతి ఊళ్లోనూ ముప్ఫైమంది కుర్రాళ్లకీ ఆడపిల్లలకీ ట్రైనింగిస్తారు. వాళ్లు తమ ఊరిని ముందుండి నడిపించి, భూతాపాన్ని ఎక్కడికక్కడ ఆపేస్తారు. మొదటి ఊరుగా మా ఉప్పుతిప్పని ఎంపిక చేశారు.

ఉప్పుతిప్ప అంటే మొగల్తూరు దాటాక తారురోడ్డు ఇసకలో కలిసిపోయే చోట ఉన్న పాలెం. అందరూ చేపల వేట మీద బతికేవాళ్లే. ఇళ్లకీ సముద్రానికీ నడుమ పెద్ద సరుగుడు తోట ఉండేది. తొంభయ్యారు తుఫానులో గాలిని ఆ తోటే కాచిందని, లేకపోతే పాలెం పేరు చెప్పుకోవడానికి కూడా ఎవరూ మిగిలేవాళ్లు కాదని పెద్దవాళ్లు చెబుతారు. “ఇంత చక్కటి తోట ఉన్న ఊరు కాబట్టే మన పథకానికి ఇది తగిన వేదిక” అన్నారు మంత్రిగారు. తోట చక్కదనాన్ని గుర్తించిన మొదటి మంత్రి ఆయనే.

ఇక్కడ మంత్రిగారి నమ్మకం ఒకటి చెప్పాలి. పందిరి వేసే ముందు రాట పాతడం మన ఆచారం కదా. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, మొదలు దగ్గర పాలు పోసి ముహూర్తానికి నిలబెడతాం. పెళ్లికైతే ఒక్క రాటతో సరి. మంత్రిగారి సంగతి వేరు. ఒకసారి ఆయన ఎలక్షన్‌లో ఓడిపోయారు. నిడదవోలు సిద్ధాంతి ఒకాయన లెక్కలు కట్టి, ఓట్లు తక్కువ పడటం వల్ల కాదని, ఆఖరి సభ పందిట్లో పాత సరుగుడు కర్రలు, మా భాషలో బాదులు, వాడటం వల్లే ఓడారని తేల్చారు. అప్పటినుంచీ ఆయన సభలో రాటతో పాటు గుంజలూ, బారికేడ్లూ, స్వాగత ద్వారమూ అన్నీ అప్పటికప్పుడు కొట్టుకొచ్చిన పచ్చి బాదులే కావాలి. ఒక సభలో నిలబడిన బాదు ఇంకో సభలో ఆయన కంట పడకూడదు.

నా దగ్గర ఇనప పైపులున్నాయని మనవి చేశాను.

“ఇనుములో శని ఉంటాడయ్యా చినబాబూ” అన్నారు మంత్రిగారు. “పచ్చనిది చూపించు. మనది పర్యావరణ శాఖ.”

“బాదులు తణుకు నుంచి రప్పించాలంటే దారిలోనే ఎండిపోతాయండి” అన్నారు బుల్లిరాజు గారు. ఆయన పార్టీ మండలాధ్యక్షులు, ఉప్పుతిప్ప సరుగుడు తోట పరిరక్షణ కమిటీకి కూడా అధ్యక్షులే. “ఎదురుగా తోట పెట్టుకుని పొరుగూరు పోవడం ఎందుకండి? అడగందే అమ్మైనా పెట్టదు గానీ, తోటని మనం అడక్కర్లేదు కదండి.”

అలా ప్రారంభ సభకి తోటలో తూర్పు వేపు ముక్క వచ్చి పందిరయింది. సభ అయిపోగానే బుల్లిరాజు గారు ట్రాక్టరు పెట్టి బాదులన్నీ ఎక్కించారు. వాడిన బాదు ఊళ్లో ఉంటే అశుభమట. ఆ అశుభం పాలెం జనానికి తగలకుండా ఆయనే శ్రమపడి భీమవరం తరలించేవారు. అక్కడ మేడలు కట్టేవాళ్లు సెంట్రింగు కోసం ఆ అశుభాన్ని డబ్బిచ్చి మరీ కొనుక్కునేవారు. ఊరి కోసం అంత పాటుపడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ట్రైనింగివ్వడానికి హైదరాబాదు నుంచి స్పెషలాఫీసరు యుగంధర్ గారు వచ్చారు. మెడలో ఈల, చేతిలో లాప్‌టాపు. నా టెంటులో తెర కట్టి, నా జనరేటరు మీద, మంచు మధ్య నిలబడిన తెల్లటి ఎలుగుబంటి బొమ్మ వేశారు.

“దీని ఇల్లు కరిగిపోతోంది. దీనికి కారణం ఎవరు?” అని అడిగారు.

సారథులు ముప్ఫైమందీ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. టెంటు వెనక ఎండుచేపల తట్ట దించుకుని చూస్తున్న రత్తమ్మకి, పిల్లల మీద నింద పడుతోందని భయం వేసింది.

“మావోళ్లు కాదండి బాబూ. మేం ఆ వేపు వేటకెళ్లం” అంది.

రత్తమ్మది పాలెంలో సముద్రం వేపు మొదటి ఇల్లు. మొగుడు తొంభయ్యారు తుఫానులో పడవతో సహా పోయాడు. ఒక్కతే కూతురు సాయిదుర్గ. ఇంటర్ దాకా చదివింది. సారథుల్లో తెలివైన పిల్ల. ఆ పిల్ల చేసిన పొరపాటల్లా ట్రైనింగులో చెప్పింది చెప్పినట్టు నమ్మడమే.

రెండో రోజు దత్తత కార్యక్రమం. ప్రతి సారథీ ఒక చెట్టుని దత్తత చేసుకోవాలి. చెట్టుకి నంబరు, సారథి పేరు రాసిన రేకు ప్లేటు కొడతారు. అందరూ దగ్గర్లో ఉన్న చెట్లు చూసుకుంటే, సాయిదుర్గ నేరుగా వెళ్లి తమ ఇంటికి ఎదురుగా ఉన్న లావాటి పాత చెట్టు పట్టుకుంది.

“ఇదే ఎందుకమ్మా?” అని అడిగారు యుగంధర్ గారు.

“తొంభయ్యారులో మా అమ్మ నన్ను దీనికే కట్టిందండి. వల తాడుతోటి. పొద్దున్న గాలి తగ్గాక విప్పిందండి.”

“ఎక్సలెంట్! దీన్ని కేస్ స్టడీ చేద్దాం. కట్టినప్పటి ఫోటో ఏమైనా ఉందా?”

“లేదండి. గాలిగా ఉందండి.”

ఆ తర్వాత డ్రిల్లు నేర్పారు. మొదటి ఈల వేయగానే ఎవరెక్కడున్నా సరే తన చెట్టు దగ్గరికి పరుగెత్తాలి. చెంబుడు నీళ్లు పోయాలి. రెండు చేతులతో చెట్టుని వాటేసుకోవాలి. రెండో ఈల వేసేదాకా వదలకూడదు. “పైనుంచి ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు మీరు ఎవరి చెట్టు దగ్గర వాళ్లు కనబడాలి. మంత్రిగారు పిలిచినా సరే, రెండో ఈల పడేదాకా చెట్టుని వదిలినవాడు సారథి కాడు!” అన్నారు యుగంధర్ గారు. నాకు మైకు దగ్గర ఒళ్లు గగుర్పొడిచింది.

ఆ మధ్యాహ్నం బిరియానీ పొట్లాలు విప్పుతుండగా కల్లు దుకాణం దగ్గర ఎవడో నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు. ముప్ఫైమందీ పొట్లాలు పారేసి తోటలోకి పరుగెత్తారు. యుగంధర్ గారు వెళ్లి అసలు ఈల వేసేదాకా చెట్లు వదల్లేదు. ఆయన చాలా సంతోషించారు గానీ, బిరియానీలు కాకుల పాలయ్యాయి. అందుకని నిబంధన మార్చారు. ఇకమీదట శాఖవారి ఈలే ఈల. నోటి ఈల చెల్లదు. పిల్లలందరి చేతా అది మూడుసార్లు పలికించారు.

ట్రైనింగు చివర ప్రతిజ్ఞ. “నేను పీల్చే గాలికి నేనే బాధ్యుణ్ని. నేను వదిలే గాలికి కూడా నేనే బాధ్యుణ్ని” అని అందరూ కుడిచెయ్యి చాచి చెప్పారు. ప్రతిజ్ఞ చేయించడానికి మంత్రిగారు స్వయంగా వచ్చారు కాబట్టి అదొక సభ. తర్వాత టోపీల పంపిణీకి ఒక సభ. టోపీల మీద ముద్ర సరిగా పడలేదని వాటిని వెనక్కి తీసుకోవడానికి ఇంకొక సభ. తర్వాత సర్టిఫికెట్ల ప్రదానోత్సవం. ప్రతి సభకీ రాట ముహూర్తం, పచ్చి బాదులు, బుల్లిరాజు గారి ట్రాక్టరు. పథకం పెరిగినకొద్దీ పందిరి పెరిగింది. పందిరి పెరిగినకొద్దీ తోటలోంచి సముద్రం ఇంకా బాగా కనబడటం మొదలుపెట్టింది. ఇదివరకు పాలెంలో నిలబడితే సముద్రం చప్పుడే వినబడేది. ఇప్పుడు అలలు కూడా కనబడుతున్నాయని, టూరిజానికి మంచి అవకాశముందని బుల్లిరాజు గారు నాతో అన్నారు.

రత్తమ్మ ఇంట్లో మాత్రం ఇసక పడుతోంది. కూరలో ఇసక, మంచంలో ఇసక. ఆరబెట్టిన చేపలు రెండుసార్లు దులిపితే గానీ తట్టకెక్కడం లేదు. సాయిదుర్గ టోపీ పెట్టుకుని యుగంధర్ గారి దగ్గరికి వచ్చింది.

“సార్, తోట కొట్టేస్తన్నారండి.”

“నీ చెట్టు కొట్టారా?”

“లేదండి. పక్కయ్యి.”

“పక్కవాటికి నంబర్లున్నాయా?”

“లేవండి.”

“నంబరు లేని చెట్టు ప్రాజెక్టు పరిధిలోకి రాదమ్మా. లేని చెట్టుని కొట్టారని నేనెలా రాసేది?”

“మరి మాకు గాలి ఆపేది ఆ చెట్లేనండి. మళ్లీ తుఫాను వత్తే?”

“దానికి వేరే శాఖ ఉంది” అన్నారు యుగంధర్ గారు చాలా ఓపికగా. అంత ఓపిక ఉన్న ఆఫీసరు దొరకడం ఈ రోజుల్లో కష్టం.

నవంబరు వచ్చింది. మా తీరంలో నవంబరు అంటే తుఫాను కబుర్ల కోసం రేడియో వినే నెల. సరిగ్గా అప్పుడే ఢిల్లీ నుంచి కబురు. దేశం మొత్తం మీద మంచి ట్రైనింగు జరిగిన ఊరికి బహుమతి ఇస్తారట. పరిశీలనకి పెద్ద ఆఫీసరు, ఒక మేడం, స్వయంగా వస్తున్నారు. బహుమతి వస్తే పథకం రెండో దశకి, ఆ వెనక మూడో దశకి దారి పడుతుంది. మంత్రిగారికి కేబినెట్‌లో పై మెట్టు కూడా ఖాయమని చెప్పుకున్నారు.

ఇంతవరకు చేసిన సభలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. రెండు వరసల బారికేడ్లు, మూడు ద్వారాలు, ఎత్తయిన స్టేజీ. బుల్లిరాజు గారూ, నేనూ, యుగంధర్ గారూ వెళ్లి తోట చూశాం. తోట అనుకున్న చోట ఓ పలచటి వరసా, నంబరు ప్లేట్లున్న ముప్ఫై చెట్లూ ఉన్నాయి.

“పలచ వరస బారికేడ్లకి సరిపోద్దండి. గుంజలకి ఇయ్యే దిక్కు” అన్నారు బుల్లిరాజు గారు, ప్లేట్లున్న చెట్ల వేపు చూసి.

“అవి దత్తత చెట్లండి. మేడం చూడాల్సినవి అవే కదండి?” అన్నాను నేను. షామియానా వాణ్నయినా నాకూ కొంత బుర్ర ఉంది.

యుగంధర్ గారు కాసేపు ఆలోచించారు. “ప్లేట్లు మాత్రం ఊడగొట్టొద్దు” అన్నారు. “చెట్టు ఉందా లేదా అన్నదే మనకి ముఖ్యం. ఎక్కడుంది అన్నది లొకేషన్ సమస్య. స్టేజీ వెనక సముద్రం వేపు పెద్ద ఫ్లెక్సీ కడదాం. వేసవిలో తీసిన తోట ఫోటో నా దగ్గరుంది. ఈల వేయగానే పిల్లలు ఫ్లెక్సీ వెనక్కి పరుగెడతారు. తోటలోకి వెళ్లారనుకుంటారు. మేడం గారు ఆ ఇసకలో నడవరు.”

చదువుకున్నవాళ్ల తెలివి చదువుకున్నవాళ్లదే.

మర్నాడు సారథులందరినీ బస్సెక్కించి ఎక్స్‌పోజర్ విజిట్‌కి పెనుగొండ తీసుకెళ్లారు. అక్కడ వాతావరణం గురించి చూడాల్సిందేమిటని నేను అడగలేదు. అమ్మవారి దర్శనం బాగా జరిగిందని తర్వాత చెప్పారు. సాయంత్రం బస్సు దిగేటప్పటికి పని అయిపోయింది. సాయిదుర్గ తల్లి కోసం తెచ్చిన పులిహోర పొట్లం చేత్తో పట్టుకునే తమ ఇంటి ఎదురుగా ఉన్న మొద్దు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఏడవలేదు. కూర్చుని, మొద్దు మీద పడ్డ ఇసకని అరచేత్తో తుడిచింది. నాకు చాలా జాలేసింది. జాలేసినా ముహూర్తం మర్నాడు పొద్దున్నే ఉండటం వల్ల గోతులు తీయించడంలో పడ్డాను.

బుల్లిరాజు గారు ఆ పిల్లని ఓదార్చారు కూడా. “నీ చెట్టు అదృష్టం చేసుకుందమ్మా. అదే రాట. మంత్రిగారు తన చేత్తో పసుపు రాసి పాలు పోస్తారు. ఎన్ని చెట్లకి పడుతుంది ఆ యోగం?”

“మీటింగయ్యాక మా చెట్లు మాకిచ్చేత్తారాండి? ఇళ్లకి ఊతాలేసుకుంటాం. గాలి ఆపే దడైనా కట్టుకుంటాం” అంది సాయిదుర్గ.

“వాడిన బాదు ఇంట్లో పెట్టుకుంటారా! అశుభం. ట్రాక్టరు మాట్లాడేశాను” అన్నారు బుల్లిరాజు గారు.

ఆ పిల్ల నా వేపు చూసింది. గుడ్డలూ కుర్చీలూ మైకూ నావి గానీ బాదులు నావి కావని చెప్పాను. అది నిజమే. తర్వాత సారథులంతా ఒడ్డున పడవ పక్కన చేరి మాట్లాడుకోవడం చూశాను. మర్నాటి డ్రిల్లు గురించి అయుంటుందని సంతోషించాను.

సభ రోజు తెల్లారేసరికి ఆకాశం బూడిదరంగులో ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని, వేటకి వెళ్లొద్దని రేడియోలో చెప్పారు. నేను మంత్రిగారికి మనవి చేస్తే ఆయన మొహం వెలిగిపోయింది. “మంచిదే కదయ్యా. వాతావరణ మార్పు ఎలా ఉంటుందో మేడం గారు కళ్లారా చూస్తారు” అన్నారు. తర్వాత స్టేజీని ఆనుకుని పాతిన రాటకి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి పాలు పోశారు. రాట మీద రేకు ప్లేటు మాత్రం తుడిచి మెరిసేలా పెట్టారు యుగంధర్ గారు.

ఢిల్లీ మేడం గారు వచ్చారు. నెరిసిన జుట్టు, కాటన్ చీర, తక్కువ మాట. మంత్రిగారి ఉపన్యాసం అంతా శ్రద్ధగా విన్నారు. ఫ్లెక్సీలో తోట అద్భుతంగా ఉంది. గాలికి ఫ్లెక్సీ ఊగితే చెట్లు కూడా ఊగినట్టే ఉంది. ఉపన్యాసం అయ్యాక ఆవిడ ఇంగ్లీషులో ఏదో అడిగారు.

“ఎన్ని చెట్లు బతికాయి అంటున్నారండి” అని యుగంధర్ గారు మంత్రిగారికి చెప్పి, ఆయన చెప్పబోయే జవాబు తానే చెప్పేశారు. “హండ్రెడ్ పర్సెంట్, మేడం.”

ఆవిడ చూపించమన్నారు.

యుగంధర్ గారు స్టేజీ ముందుకొచ్చి, గుండెనిండా ఊపిరి తీసి ఈల వేశారు.

ముప్ఫైమంది సారథులు ఒక్కసారిగా లేచారు. చెంబులు తీసుకున్నారు. పరుగెత్తారు. ఫ్లెక్సీ వెనక్కి మాత్రం ఒక్కరూ వెళ్లలేదు. ఎవరి చెట్టు దగ్గరికి వాళ్లు వెళ్లారు. ఒకడు స్వాగత ద్వారాన్ని వాటేసుకున్నాడు. ఇద్దరు అటూ ఇటూ వీఐపీ గేటు గుంజలు పట్టుకున్నారు. లోవరాజు అనే సారథి నా యాంప్లిఫయరు పక్క గుంజ మొదట్లో చెంబుడు నీళ్లు పోస్తే నా వైర్లన్నీ తడిశాయి. పందిట్లో ప్రతి గుంజకీ ఒక టోపీ. సాయిదుర్గ స్టేజీ ఎక్కి, మంత్రిగారి పక్కనుంచే వెళ్లి, పసుపు రాటకి నీళ్లు పోసి రెండు చేతులా వాటేసుకుంది. పసుపు ఆ పిల్ల చెంపకి అంటుకుంది.

మైకులో గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మేడం గారు లేచారు. ఒక్కొక్క గుంజ దగ్గరికీ వెళ్లి, కళ్లజోడు సవరించుకుని ప్లేటు మీద నంబరు చదివారు, పేరు అడిగారు. ముప్ఫై నంబర్లూ, ముప్ఫై పేర్లూ సరిపోయాయి. తిరిగి వచ్చి మైకు ముందు నిలబడ్డారు. ఆవిడ మాటలు యుగంధర్ గారు తెలుగులో చెప్పారు.

“నా సర్వీసంతా నేను ఎండలో నడిచి చెట్ల దగ్గరికి వెళ్లాను. చెట్లే సభకి రావడం ఇదే మొదటిసారి చూడటం. ఒక్కటి కూడా తగ్గలేదు.”

మంత్రిగారు ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత బుల్లిరాజు గారు, తర్వాత అందరూ. సారథులు కొట్టలేదు. వాళ్ల చేతులు ఖాళీగా లేవు.

అక్కడికక్కడే మేడం గారు మొదటి బహుమతి ప్రకటించారు. మేడం గారికి శాలువా కప్పి, జ్ఞాపికగా ఏమివ్వాలా అని చూసుకుంటే, తెచ్చిన వెండి ఏనుగు కారులో ఉండిపోయింది. మంత్రిగారు సమయస్ఫూర్తికి పెట్టింది పేరు. యుగంధర్ గారి మెడలో ఈల తీసి, “మా సారథులని నడిపించిన ఈల ఇదే” అని ఆవిడ చేతిలో పెట్టారు. మళ్లీ చప్పట్లు. గాలి పెరుగుతోందని డ్రైవర్లు తొందరపెడితే కార్లన్నీ వరసగా రాజమండ్రి వేపు బయల్దేరాయి. ఈల కూడా వాటితోపాటు వెళ్లింది.

జనం వెళ్లిపోయారు. మర్నాడు నాకు నరసాపురంలో పెళ్లి ఉంది. కుర్చీలు ఎత్తించి, పైగుడ్డలు విప్పించాను. గుంజల దగ్గరికి వచ్చేసరికి ఒక్కరూ కదల్లేదు.

“అయిపోయిందమ్మా. మొదటి బహుమతి వచ్చింది. ఇంక వదిలెయ్యి” అన్నాను సాయిదుర్గతో.

“రెండో ఈల పడలేదండి.”

అప్పటికి బుల్లిరాజు గారి ట్రాక్టరు వచ్చింది. ఆయన సంగతి విని నవ్వి, నోట్లో వేళ్లు పెట్టి ఊరంతా వినబడేలా ఈల వేశారు.

“నోటి ఈల చెల్లదండి!” అన్నారు ముప్ఫైమందీ ఒక్క గొంతుతో.

ఆయన సెల్ తీసి యుగంధర్ గారికి చేశారు. గాలికి వినబడక స్పీకరు పెట్టారు. “రాజమండ్రి స్టేషన్లో ఉన్నాను. ఆ ఈల మేడం గారితో వెళ్లిపోయింది. కొత్త దానికి ఇండెంట్ పెట్టాలి, సోమవారం ఆఫీసు తెరవగానే చూస్తాను. అంతవరకు పిల్లల్ని డిస్టర్బ్ చెయ్యకండి, డిసిప్లిన్ పోతుంది” అన్నారాయన. రైలు కూత వినబడింది.

బుల్లిరాజు గారు ఒక గుంజ పట్టుకుని లాగి చూశారు. గుంజతో పాటు మనిషి వస్తున్నాడు. ట్రాక్టరు డ్రైవరు ఆకాశం వేపు చూసి, మళ్లీ వస్తానండి అని బండి తిప్పుకున్నాడు. ఆయనా దాంట్లోనే ఎక్కేశారు. అంతటి మనిషి ఖాళీ ట్రాక్టరు మీద వెళ్లడం నేను అదే చూడటం.

చినుకు మొదలైంది. ఫ్లెక్సీ తాళ్లు తెంపుకుని పాలెం మీదుగా ఎగిరిపోయింది. అది పోయాక చూస్తే సముద్రానికీ మాకూ మధ్య మొద్దులు తప్ప ఏమీ లేవు. రత్తమ్మ నెత్తిన గోనె వేసుకుని వచ్చి స్టేజీ కింద నిలబడింది.

“రాయే, గాలి ముదురుతుంది. ఇస్కూలు బిల్డింగులోకి పోదాం” అంది కూతురితో.

“వదిలితే ట్రాక్టరెక్కిచ్చేత్తారే అమ్మా. ఇయ్యి పోతే మనకింకేముంది?”

రత్తమ్మ రెండుసార్లు పిలిచింది. సాయిదుర్గ తల అడ్డంగా ఊపి, రాటకి చెంప ఆనించి కళ్లు మూసుకుంది. రత్తమ్మ ఇంటివేపు వెళ్లింది. నేను తడిసిన వైర్లు చుట్టుకుంటుండగా మళ్లీ వచ్చింది. భుజాన వల తాడు ఉంది. స్టేజీ ఎక్కి, కూతురి నడుం చుట్టూ, రాట చుట్టూ తాడు తిప్పడం మొదలుపెట్టింది. చేతులకి బాగా తెలిసిన పనిలా ఉంది. ఒక చుట్టు అయ్యాక ఆగి, రాటని అరచేత్తో నెట్టి చూసింది. అది కొంచెం కదిలింది.

“చినబాబు గారూ, ఇది ఎంత లోతు పాతారండి?”

“మూరెడు” అన్నాను. “ఒక పూట మీటింగుకి అంతకన్నా ఎందుకు రత్తమ్మా?”

రత్తమ్మ తాడు ఇంకో చుట్టు తిప్పి ముడేసింది.